డౌన్‌టౌన్ పునరుద్ధరణ, స్థానిక రాజకీయాలు: ఒక నివాసి వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పాత డౌన్‌టౌన్‌ను మళ్ళీ బాగుచేస్తామని నగర పాలకులు ప్రకటించినప్పుడల్లా అక్కడ ఉండేవాళ్ళకు, వచ్చిపోయేవాళ్ళకు కొన్ని సందేహాలు వస్తాయి. ఒక నివాసిగా వాటికి నేను చెప్పగల జవాబులు ఇవి. నేను ప్లానర్‌ని కాను, ఏ పార్టీకీ చెందను. కౌన్సిల్ అజెండాలు, బడ్జెట్ పుస్తకాలు ఓపిగ్గా చదువుతాను. నగరం నడిబొడ్డు బాగుండాలని గట్టిగా కోరుకుంటాను.

అసలు డౌన్‌టౌన్‌లు ఎందుకు కళ తప్పాయి?

జనానికి మోజు తీరిపోయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చాలా చోట్ల ప్రభుత్వాల నిర్ణయాలే జనాన్ని అక్కడినుంచి పంపించేశాయి. అందరికీ తెలిసిన ఉదాహరణ అమెరికా. 1956 హైవే చట్టం ప్రకారం అంతర్రాష్ట్ర రహదారుల ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వం భరించింది. నగరానికి దాదాపు ఉచితంగా వచ్చే రోడ్డు కాబట్టి వద్దన్నవాళ్ళు తక్కువ. ఆ రోడ్లు ఎన్నో నగరాల మధ్య భాగాలను చీల్చుకుంటూ పోయాయి. దారిలో ఉన్న ఇళ్ళు, దుకాణాలు కూలిపోయాయి. శివారులో ఉంటూ కారులో వచ్చిపోవడం తేలికైంది.

అదే ఏడాది మిన్నియాపాలిస్ పక్కన ఎడైనాలో సౌత్‌డేల్ మాల్ తెరిచారు. దాన్ని డిజైన్ చేసిన విక్టర్ గ్రూయెన్ నిజానికి చుట్టూ ఇళ్ళు, బడులు, వైద్య సదుపాయాలు ఉండే ఒక కొత్త ఊరి కేంద్రాన్ని ఊహించారు. చివరికి మిగిలింది మాల్, దాని చుట్టూ పార్కింగ్. ఇక ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు ఇళ్ళను ఒక చోటికి, షాపులను ఇంకో చోటికి విడదీశాయి. కింద షాపు, పైన కాపురం అనే పాత పద్ధతి చాలా నగరాల్లో రూల్స్‌కి విరుద్ధమైపోయింది.

ఈ చరిత్రంతా ఎందుకంటే, "మార్కెట్ అలా ఉంది, మేమేం చేస్తాం" అని కౌన్సిలర్ ఎవరైనా అంటే మీరు అక్కడితో ఆగిపోకూడదు. రూల్స్ వల్ల పాడైనదాన్ని రూల్స్ మార్చి చాలావరకు బాగుచేసుకోవచ్చు.

నేను శివారులో ఉంటాను. డౌన్‌టౌన్ ఏమైపోతే నాకేంటి?

మీ పన్ను బిల్లుకు సంబంధం ఉంది. డౌన్‌టౌన్‌లో రోడ్లు, నీటి పైపులు, డ్రైనేజీ ఇప్పటికే వేసి ఉన్నాయి. అక్కడ జనం ఉన్నా లేకపోయినా వాటి నిర్వహణ తప్పదు. పైగా నాలుగైదు అంతస్తుల పాత భవనం ఆక్రమించేది కొంచెం జాగానే. నార్త్ కరోలినాలోని ఆషెవిల్‌లో ఈ లెక్క విడమర్చి చూపించారు. డౌన్‌టౌన్‌లో కింద షాపులు, పైన ఇళ్ళు ఉన్న భవనం నుంచి ఎకరానికి వచ్చే ఆస్తి పన్ను, శివారులోని పెద్ద సూపర్‌స్టోర్ నుంచి ఎకరానికి వచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. అలాంటి భవనాలు ఖాళీ అయితే ఆ లోటును మిగిలిన ఇళ్ళవాళ్ళు పూడ్చాల్సిందే.

పాతవన్నీ పడగొట్టి కొత్తగా కట్టేస్తే సమస్య తీరిపోతుంది కదా?

ఈ ప్రయోగం జరిగింది, ఫలితమూ తెలిసింది. 1949లో అమెరికా గృహనిర్మాణ చట్టం తెచ్చింది. "మురికివాడ" అని ముద్ర వేసిన ప్రాంతాలను నగరాలు కొని, చదును చేసి, బిల్డర్లకు ఇచ్చేవి. నికర ఖర్చులో మూడింట రెండు వంతులు కేంద్రం పెట్టుకునేది. బోస్టన్‌లోని వెస్ట్ ఎండ్ అలాగే నేలమట్టమైంది. వేల మంది వేరే చోట్లకు చెల్లాచెదురయ్యారు. వాళ్ళ ఇళ్ళున్న చోట ఖరీదైన టవర్లు లేచాయి. ఈ కార్యక్రమంలో దేశమంతటా నల్లజాతి కుటుంబాలు వాళ్ళ జనాభాతో పోలిస్తే ఎంతో ఎక్కువగా నష్టపోయాయి.

కోర్టులు కూడా అడ్డుపడలేదు. 1954లో బెర్మన్ కేసులో, బాగానే ఉన్న దుకాణాన్ని కూడా మొత్తం ప్రాంత పునరభివృద్ధి పేరుతో తీసుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 2005లో కీలో కేసులో 5-4 మెజారిటీతో ఇంకో అడుగు ముందుకేసింది. ఆర్థికాభివృద్ధి జరుగుతుందన్న కారణం చాలు, ఇల్లు సేకరించి ప్రైవేటు ప్రాజెక్టుకు ఇవ్వొచ్చంది. న్యూ లండన్ అనే చిన్న నగరంలో ఇళ్ళు పోయాయి. అనుకున్న ప్రాజెక్టు రాలేదు. పక్కనే ఉన్న ఫైజర్ తన పరిశోధన కేంద్రాన్ని వదిలి వెళ్తున్నట్టు 2009లో ప్రకటించింది. ఆ స్థలం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయింది. ప్రజల కోపం చూసి 40కి పైగా రాష్ట్రాలు భూసేకరణ చట్టాలు సవరించుకున్నాయి.

శిథిలమై ప్రమాదకరంగా ఉన్న భవనం కూల్చాల్సిందే. కానీ ఒక వీధిని మొత్తంగా కూల్చాలనే ప్రతిపాదన వస్తే, దాని స్థానంలో కట్టేదానికి డబ్బు నిజంగా సమకూరిందా అని ముందే పత్రాలు అడగండి. కూల్చడానికి నిధులుండి కట్టడానికి లేకపోతే మిగిలేది ఖాళీ జాగా.

స్టేడియం, కన్వెన్షన్ సెంటర్ లాంటి పెద్ద ప్రాజెక్టు వస్తే చుట్టుపక్కల బాగుపడదా?

స్టేడియాల మీద దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్న ఆర్థికవేత్తల్లో ఇంత ఏకాభిప్రాయం ఉన్న విషయాలు తక్కువ: ప్రజాధనం పెట్టినంత లాభం స్థానిక ఆర్థిక వ్యవస్థకు తిరిగి రాదు. ఆట చూడటానికి పెట్టే ఖర్చు చాలావరకు అదే నగరంలో వేరే వినోదానికి పెట్టేదే. ఆట లేని రోజుల్లో ఆ వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి.

ఇక అందరూ స్పెయిన్‌లోని బిల్బావో నగరం పేరు ఎత్తుతారు. 1997లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వచ్చాకే ఆ నగరం వెలిగిందని. కానీ మ్యూజియానికి ముందే నదిని శుభ్రం చేసే పనులు మొదలయ్యాయి. 1995లో మెట్రో వచ్చింది. ఓడరేవును సముద్రం వైపు తరలించి నదీతీరాన్ని ఖాళీ చేశారు. ఇవన్నీ వదిలేసి మెరిసే భవనం ఒక్కటే కట్టుకొచ్చిన నగరాలకు బిల్బావో ఫలితం దక్కలేదు.

బిల్డర్‌కు పన్ను మినహాయింపు ఇస్తే నగరానికి పోయేదేముంది? అతను రాకపోతే ఆ పన్నే ఉండదు కదా?

స్థానిక రాజకీయాల్లో ఎక్కువగా వినిపించే వాదన ఇదే. కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఇలాంటి మినహాయింపులకు దగ్గరి చుట్టం టీఐఎఫ్ (ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్) అనే పద్ధతి. అది 1952లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఒక ప్రాంతానికి గీత గీస్తారు. ఆ రోజు అక్కడి ఆస్తుల విలువ ఎంతో దాని మీద వచ్చే పన్ను మాత్రమే ఎప్పటిలా బడులకు, ఆస్పత్రులకు, నగర ఖజానాకు పోతుంది. ఆ తర్వాత విలువ పెరిగినందువల్ల వచ్చే అదనపు పన్నంతా ఆ ప్రాంతంలోని ప్రాజెక్టుల ఖర్చుకే కేటాయిస్తారు. చాలా చోట్ల ఇది ఇరవై ఏళ్ళకు పైగా సాగుతుంది. ఆ ప్రాజెక్టు లేకపోతే విలువ పెరిగేదే కాదన్నది దీని వెనక ఉన్న ఊహ. ఎలాగూ పెరుగుతున్న ప్రాంతానికి గీత గీస్తే మాత్రం, బడులకు చేరాల్సిన డబ్బును పక్కకు మళ్ళించినట్టే. కాలిఫోర్నియాలో బడులకు పడిన లోటును రాష్ట్ర ఖజానా పూడ్చాల్సి వచ్చింది. చివరికి ఈ పద్ధతిని పుట్టించిన ఆ రాష్ట్రమే 2012లో దాదాపు 400 పునరభివృద్ధి సంస్థలను రద్దు చేసింది.

అన్ని మినహాయింపులూ చెడ్డవని నేను అనను. చారిత్రక భవనాన్ని బాగుచేసేవాళ్ళకు ఇచ్చే పన్ను రాయితీ నాకు నచ్చిన విధానం, ఎందుకంటే ముందు పని పూర్తవ్వాలి, తర్వాతే రాయితీ. కౌన్సిల్‌లో మీరు అడగాల్సినవి: మినహాయింపు లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుందని చెప్పే లెక్క ఎవరు వేశారు, బిల్డరా, స్వతంత్ర ఆడిటరా? చెప్పినన్ని ఉద్యోగాలు రాకపోతే డబ్బు వెనక్కి ఇచ్చే షరతు ఒప్పందంలో ఉందా? ఆ షరతు లేకపోతే ఓటు వేయొద్దని మీ కౌన్సిలర్‌కు రాతపూర్వకంగా చెప్పండి.

కార్లు రాకుండా చేస్తే షాపులు మూతపడవా?

షాపులు కళకళలాడటం, వెలవెలబోవడం రెండూ జరిగాయి. కోపెన్‌హాగన్ 1962లో స్ట్రోయెట్ వీధిలో కార్లను ఆపేసింది. వ్యాపారులు భయపడ్డారు. నేడు అది నగరంలో అతి రద్దీగా ఉండే నడక దారుల్లో ఒకటి. అమెరికాలో కలమజూ 1959లోనే ఈ పని చేసింది, కానీ 1998లో కొంత భాగంలోకి కార్లను మళ్ళీ అనుమతించింది. చికాగో స్టేట్ స్ట్రీట్ 1979లో కార్లను ఆపి బస్సులకే పరిమితం చేసి, 1996లో పాత పద్ధతికి వెళ్ళిపోయింది. మరోవైపు బౌల్డర్‌లోని పెర్ల్ స్ట్రీట్, బర్లింగ్టన్‌లోని చర్చ్ స్ట్రీట్ నేటికీ కళకళలాడుతున్నాయి.

నిలబడిన చోట్ల ఒక పోలిక కనిపిస్తుంది. నడిచి వచ్చేంత దూరంలో జనం నివసిస్తున్నారు, లేదా విద్యార్థులు ఉన్నారు. వీధి మరీ పొడవు కాదు. చుట్టుపక్కల నుంచి చేరుకోవడం సులువు. అప్పటికే జనం వెళ్ళిపోయిన వీధిలో కార్లను కూడా ఆపేస్తే మిగిలేది నిశ్శబ్దమే. అందుకే మీ నగరంలో ఈ ప్రతిపాదన వస్తే ముందు వారాంతాల్లో తాత్కాలికంగా చేసి చూడమని అడగండి. బ్యారికేడ్లు, కుర్చీలు చాలు, గ్రానైట్ పరచనక్కర్లేదు.

సియోల్ ఇంకా పెద్ద పని చేసింది. నగరం మధ్యలో వాగు మీద కట్టిన ఫ్లైఓవర్‌ను 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా 5.8 కిలోమీటర్ల చియొంగ్‌యెచియొన్ వాగును మళ్ళీ వెలుగులోకి తెచ్చింది. ట్రాఫిక్ స్తంభిస్తుందన్న భయం నిజం కాలేదు. కానీ అక్కడి వీధి వ్యాపారులను ఒక పాత స్టేడియంలోకి తరలించారు. కొన్నేళ్ళకు ఆ స్టేడియాన్నీ కూల్చారు. అందమైన వాగు ఫొటోల పక్కన ఈ సంగతి కూడా చెప్పుకోవాలి.

పార్కింగ్ లేకపోతే ఎవరు వస్తారు?

ఉచిత పార్కింగ్ పేరుకే ఉచితం. దాని ఖర్చు అద్దెల్లో, సరుకుల ధరల్లో కలిసిపోతుందని ఆర్థికవేత్త డొనాల్డ్ షూప్ జీవితాంతం చెప్పారు. కాలిఫోర్నియాలోని పాసడీనా నగరం, ఓల్డ్ పాసడీనా అనే తన పాత వ్యాపార ప్రాంతంలో 1993లో రోడ్డు పక్క పార్కింగ్ మీటర్లు పెట్టింది. వ్యాపారులు ముందు వద్దన్నారు. వచ్చిన డబ్బును అదే వీధుల ఫుట్‌పాత్‌లకు, చెట్లకు, లైట్లకు ఖర్చు పెడతామని నగరం మాట ఇచ్చాక ఒప్పుకున్నారు. ఆ ప్రాంతం తేరుకుంది. ఇక్కడ అసలు కీలకం డబ్బు ఎక్కడికి పోతుందన్నదే. మీటర్ల ఆదాయం నగరపాలక ఖజానాలో కలిసిపోయే చోట జనం దాన్ని ఇంకో పన్నుగానే చూస్తారు, చూడాలి కూడా.

కొత్త భవనానికి ఇన్ని పార్కింగ్ స్థలాలు తప్పనిసరి అనే నిబంధనను బఫెలో 2017లో చాలావరకు తీసేసింది, మిన్నియాపాలిస్ 2021లో పూర్తిగా రద్దు చేసింది. పాత ఇరుకు స్థలాల్లో మళ్ళీ కట్టుకోవడం దీంతో వీలవుతుంది.

షాపులు ఖాళీగా ఉన్నా యజమానులు అద్దెకు ఎందుకు ఇవ్వరు?

అద్దె తగ్గించి ఇస్తే ఆస్తి విలువ తగ్గినట్టు కాగితాల మీద కనిపిస్తుంది, అప్పు ఇచ్చిన బ్యాంకు ప్రశ్నిస్తుంది. ఇంకొందరు పునరుద్ధరణ వార్తలు విని ధర పెరిగే దాకా ఎదురుచూస్తారు. వేరే ఊళ్ళో ఉండే వారసుల మధ్య తగాదాలు కూడా మామూలే. వాషింగ్టన్ డీసీ ఖాళీ భవనాలకు మామూలు ఇళ్ళ కన్నా అనేక రెట్లు ఎక్కువ రేటు పన్ను వేస్తుంది. ఖాళీ షాపుల మీద పన్నుకు శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2020 మార్చిలో ఆమోదం తెలిపారు. పిట్స్‌బర్గ్ 1913 చట్టం నుంచి 2001 దాకా భవనం కన్నా భూమి మీద ఎక్కువ పన్ను వేసింది. కట్టినవాడికి ఊరట, ఖాళీగా ఉంచినవాడికి భారం. నాకు ఈ చివరి పద్ధతి న్యాయంగా అనిపిస్తుంది.

వీధి బాగుపడగానే అద్దెలు పెరిగి పాతవాళ్ళే వెళ్ళిపోవాలా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇది. వీధి పాడైన రోజుల్లో నష్టానికి ఓర్చుకుని షాపు తెరిచి ఉంచినవాళ్ళు, వీధి బాగుపడిన మొదటి ఏడాదే ఖాళీ చేయాల్సి రావడం అన్యాయం. దాన్ని విజయం అనడం నాకు సమ్మతం కాదు.

ఆపడం అసాధ్యం కాదు. ముందే మొదలుపెట్టాలి, అంతే. అద్దెలు పెరిగాక ప్రజాధనంతో స్థలాలు కొనడం ఏ నగరానికీ సాధ్యమయ్యే పని కాదు. బర్లింగ్టన్ 1984లో కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టుకు ఊతమిచ్చింది. భూమి ట్రస్టు చేతిలోనే ఉంటుంది, ఇల్లు మాత్రం కుటుంబం కొనుక్కుంటుంది, తిరిగి అమ్మేటప్పుడు ధరకు పరిమితి ఉంటుంది. పారిస్‌లో సెమాయెస్ట్ అనే సంస్థ 2004 నుంచి నగరం తరఫున వీధి అంచు షాపులను కొని, బాగుచేసి, చిన్న వ్యాపారులకు అద్దెకిచ్చింది. భారతదేశంలో 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. సుందరీకరణ టెండర్ పిలిచే ముందు ఆ కమిటీ కూర్చుందా అని అడిగే హక్కు ప్రతి నివాసికీ ఉంది.

ఆఫీసులు ఖాళీ అయ్యాయి. వాటిని ఇళ్ళుగా మార్చలేరా?

కొన్నిటిని మార్చొచ్చు. న్యూయార్క్ 1995లో పన్ను రాయితీ ఇచ్చి లోయర్ మన్‌హటన్‌లో చాలా పాత ఆఫీసులను ఇళ్ళుగా మార్పించింది. కెనడాలోని కాల్గరీ 2021లో అలాంటి మార్పులకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. 1970ల తర్వాత కట్టిన వెడల్పాటి టవర్లతోనే చిక్కు. మధ్య గదులకు కిటికీ ఉండదు, పైపులన్నీ ఒకే చోట ఉంటాయి.

వ్యాపారుల సంఘం, బీఐడీ (బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అంటారు. అందులో నివాసికి చోటుందా?

సాధారణంగా చాలా తక్కువ. 1970లో టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్‌లో మొదలైన ఈ పద్ధతిలో, ఆ ప్రాంత వ్యాపారులు తమ మీద తామే అదనపు రుసుము వేసుకుని ఊడ్పు, లైట్లు, ప్రచారం చూసుకుంటారు. పని చురుగ్గా జరుగుతుంది. కానీ పబ్లిక్ వీధి మీద నిర్ణయాలు తీసుకునే బోర్డులో అక్కడ అద్దెకుండేవాళ్ళకు ఓటు ఉండాలని నేను అడుగుతూనే ఉంటాను.

డౌన్‌టౌన్‌లో భద్రత లేదు, రోడ్డు మీద పడుకునేవాళ్ళు ఎక్కువయ్యారు అంటారు. ఏం చేయాలి?

బెంచీలు తీసేయడం మాత్రం పరిష్కారం కాదు. కూర్చునే చోటు పోతే ముసలివాళ్ళు, పిల్లల తల్లులు రావడం మానేస్తారు. అప్పుడు వీధి ఇంకా భయంగా ఉంటుంది. న్యూయార్క్ బ్రయంట్ పార్క్ 1992లో మళ్ళీ తెరిచినప్పుడు ఎత్తైన పొదలు తగ్గించారు, దారులు పెంచారు, ఎటైనా జరుపుకునే వందల కుర్చీలు వేశారు. జనం వచ్చారు. ఇల్లు లేనివాళ్ళకు ఇల్లు కావాలి, వైద్యం కావాలి. ఆ బడ్జెట్ పద్దు వేరే ఉంటుంది, దాన్ని పార్కు బడ్జెట్‌తో ముడిపెట్టి తప్పించుకోనివ్వకండి.

ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే మన మాట వింటారా?

ఎప్పుడు వెళ్ళారన్న దాన్ని బట్టి ఉంటుంది. డ్రాయింగులు అయిపోయి, ఒప్పందం సిద్ధమయ్యాక పెట్టే సభలో మీకు దక్కేది మైకు ముందు మూడు నిమిషాలు. 1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్లుగా విడగొట్టి, అభిప్రాయం అడిగి పక్కన పెట్టేయడం అధికారం పంచుకోవడం కాదని తేల్చి చెప్పారు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె 1989లో పై మెట్టుకు వెళ్ళింది. పెట్టుబడి బడ్జెట్‌లో దేనికి ముందు ఖర్చు పెట్టాలో బస్తీల సభలే నిర్ణయించాయి, పేద బస్తీలకు నీళ్ళు, డ్రైనేజీ వచ్చాయి.

సభకు ఎవరు వస్తున్నారో కూడా చూడాలి. మసాచుసెట్స్‌లో ప్లానింగ్ సభల మినిట్స్ పరిశీలించిన పరిశోధకులకు, మాట్లాడేవాళ్ళలో సొంత ఇల్లున్నవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు, మగవాళ్ళు జనాభాలో వాళ్ళ వాటా కన్నా ఎక్కువని తేలింది. అద్దెకుండేవాళ్ళు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు అక్కడ కనిపించరు. మీరు వెళ్తే వాళ్ళలో ఒకరినైనా వెంటబెట్టుకుని వెళ్ళండి.

ఎవరిని కలవాలి? మేయర్‌నా, కౌన్సిలర్‌నా?

ముందు మీ కౌన్సిలర్‌ని, తర్వాత ప్లానింగ్ విభాగంలో ఆ ఫైలు చూస్తున్న అధికారిని. ఫైలు ఏ దశలో ఉందో రెండో మనిషికే తెలుస్తుంది. భారతదేశంలో 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, ఆ పైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. లేకపోతే ఎందుకు లేవో సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ప్రశ్నిస్తే అభివృద్ధికి అడ్డుపడుతున్నామంటారు. ఎలా?

అననివ్వండి. న్యూయార్క్‌లో మన్‌హటన్ దిగువ భాగం మీదుగా, అప్పట్లో నగర నిర్మాణాలను శాసించిన అధికారి రాబర్ట్ మోజెస్ తలపెట్టిన ఎక్స్‌ప్రెస్‌వేను అక్కడి నివాసి, రచయిత్రి జేన్ జేకబ్స్, ఆమె ఇరుగుపొరుగు ఎదిరించినప్పుడు వాళ్ళనూ అదే అన్నారు. ఆ రోడ్డు 1969లో నగర పటం నుంచి తొలగింది. ఈనాడు అక్కడి సోహో వీధులు ఉన్నాయంటే అందుకే.

అయితే ప్రతి కొత్త ఇంటినీ, ప్రతి బస్సు లేన్‌నూ వద్దనడం వేరే సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 1986లో ఎంబార్కడేరో ఫ్లైఓవర్‌ను తీసేయొద్దన్నారు. 1989 భూకంపంలో అది దెబ్బతిన్నాక 1991లో కూల్చడం మొదలుపెట్టారు. నేడు అక్కడి సముద్ర తీరాన్ని వదులుకునేవాళ్ళు లేరు. కాబట్టి వద్దనే ముందు, దాని వల్ల ఎవరు ఇల్లు కోల్పోతారు, ఎవరికి దారి దొరుకుతుంది అని రెండూ చూసుకోండి.

మాది చిన్న ఊరు. ఇవన్నీ పెద్ద నగరాలకే కదా?

చిన్న ఊళ్ళే తేలిగ్గా తేరుకుంటాయని నా నమ్మకం. 1977లో అమెరికాలో గేల్స్‌బర్గ్, మ్యాడిసన్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు చిన్న ఊళ్ళలో మెయిన్ స్ట్రీట్ ప్రయోగం మొదలైంది. ఊరికి ఒక మేనేజర్‌ను పెట్టారు. షాపుల ముఖద్వారాల మరమ్మతు, యజమానులను కలిపి కూర్చోబెట్టడం, ఖాళీ షాపుకు తగిన వ్యాపారిని వెతకడం ఆ మనిషి పని. 1980లో అది జాతీయ కార్యక్రమమైంది. ఫలితాలకు ఏళ్ళు పడుతుంది, ఎన్నికల గడువు లోపల కనిపించకపోవచ్చు.

వచ్చే కౌన్సిల్ సమావేశంలో ఒకే ఒక్క ప్రశ్న అడిగే వీలుంటే?

ప్రారంభోత్సవం అయిన పదేళ్ళకు దీన్ని ఎవరు ఊడుస్తారు, పగిలిన రాళ్ళు ఎవరు మారుస్తారు, అందుకు డబ్బు బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఉంది? పద్దు పేరు, పేజీ నంబరు చెప్పమని అడగండి, ఆ జవాబును మినిట్స్‌లో రాయించండి. తర్వాతి బడ్జెట్ వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి చూడండి.